రెండు గుంటల బండి

జూన్ 5, 2025

టైరు మీద రాసి ఉంది: 325/30 ఆర్23. వెడల్పు 325 మిల్లీమీటర్లు. పక్క గోడ అందులో 30 శాతం. 97 చిల్లర. బెత్తెడు రబ్బరు. పైన రెండు టన్నులు దాటిన బరువు.

మెహిదీపట్నం దగ్గర బండి గుంతలో పడిందట. టైరు పక్కన ఉబ్బు. రిమ్ముకి పగులు, టార్చి వేసినా కనబడలేదు. గోరుతో గీస్తే తగిలింది.

ఓనరుకి చెప్పాను. బండికి ఇంకే దెబ్బా లేకుండా టైరు ఒక్కటే పోతే పాలసీలో రాదు. దెబ్బ ఉంటే టైరు ఖరీదులో సగం వస్తుంది. రిమ్ము పగిలింది కాబట్టి సగం.

"రోడ్డు తవ్వి వదిలేసినవాళ్ళని ఎవరు అడగాలండీ" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే అడిగాడు. నేను రాసే ఇన్సూరెన్సు సర్వే రిపోర్టులో ఆ మాటకు చోటు లేదు. ఉండాలి.

జూన్ 8

అక్క కొడుకు ఫోన్. మోకిల దగ్గర అమ్మిన చెలక రిజిస్ట్రేషన్ అయిపోయింది.

"మామా, పెద్ద బండి తీసుకుందామనుకుంటున్న. నువ్వు చూసి సరే అంటెనే."

"ఎట్లాంటిది?"

"ఎత్తుగ ఉండాలె. ఉరకాలె."

ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. పొసగేట్టు చేయడానికే కోట్లు. ఫోన్లో అయ్యే ముచ్చట కాదని పెట్టేశాను.

జూన్ 9

ఎత్తు పెరిగితే బరువు పైకి పోతుంది. మలుపులో బండి ఒరుగుతుంది. ఒరగకుండా కింద యాంటీ రోల్ బార్. మామూలు కారులో అది ఒక ఇనప కడ్డీ, అంతే. లంబోర్గిని ఉరుస్‌లో దాన్ని మధ్యకు తుంచి మోటారు బిగించారు. 48 వోల్టుల కరెంటు. స్టీరింగ్ తిప్పీ తిప్పగానే మోటారు కడ్డీని మెలితిప్పి బండిని నిలబెడుతుంది. దానికి తోడు వెనక చక్రాలు కూడా కాస్త తిరుగుతాయి. దానికి తోడు వెనక డిఫరెన్షియల్, బయటి చక్రానికి ఎక్కువ బలం పంపడానికి. గాలి సస్పెన్షన్ బండిని నేలకు 158 మిల్లీమీటర్ల దాకా దించుతుంది, 248 దాకా లేపుతుంది.

ఎత్తుకి ఒక డబ్బు. ఆ ఎత్తు ఒంటికి తెలియకుండా చేయడానికి ఇంకో డబ్బు. రెండోదే ఎక్కువ.

ఆ మోటారు మాత్రం గొప్ప పని. విప్పి ఉన్నప్పుడు ఒకసారి చూశాను. చేత్తో పట్టుకుని చాలాసేపు కింద పెట్టలేదు.

జూన్ 12

థర్డ్ పార్టీ ప్రీమియం. 1500 సీసీ దాటిన సొంత కారుకి ఏడాదికి 7,897 రూపాయలు. 2022లో పెట్టిన రేటు. స్కార్పియోకి అంతే. 650 హార్స్‌పవర్ ఉరుస్‌కీ అంతే.

ఎదుటివాడికి తగిలే దెబ్బకు ధర కట్టేటప్పుడు సీసీ చూస్తున్నారు. బరువు చూడరు, వేగం చూడరు. ఇది మారాలని మీటింగుల్లో చెబుతూనే ఉన్నాను. చెబుతూనే ఉంటాను.

జూన్ 15

చేవెళ్ల. అక్క కందులు చెరుగుతోంది.

"ఎన్ని గుంటలురా ఆ బండి?"

లెక్క చెప్పాను. ఉరుస్ ఎస్ఈ షోరూం ధర 4 కోట్ల 57 లక్షలు, 2024లో వచ్చినప్పుడు. లైఫ్ ట్యాక్స్ 18 శాతం వేసుకున్నా 82 లక్షలు. ఇన్సూరెన్సు కలిపితే ఐదున్నర కోట్ల దగ్గర తేలుతుంది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. నలభై గుంటలకు భాగిస్తే గుంట రెండున్నర కోట్లు.

"కోకాపేటల అయితే రెండు గుంటలు అక్కా."

"మన దగ్గర?"

అదీ చెప్పాను. చాట కింద పెట్టింది.

"మీ బావ ఆ చెలకల నాగలి కట్టినప్పుడు ఎడ్లు నిలబడిపోయేటియి. అన్ని రాళ్ళు. ఇప్పుడు గా పైసల మీద వీడు ఉరుకుతనంటున్నడు." కాసేపు ఆగి, "కొననీ. కాని తమ్మీ, ఆగుతదా అది? ఆగేది చూడు ముందు."

డ్రైవింగ్ రాదు అక్కకి. షోరూంలో ఒక్కరూ మొదట అడగని ప్రశ్న అడిగింది.

జూన్ 16

ఆగే లెక్క.

2,200 కిలోల బండి 120లో పోతుంటే అందులో ఉండే శక్తి 12 లక్షల జౌల్స్ పైన. 750 కిలోల ఆల్టోలో, అదే వేగంలో, నాలుగు లక్షల చిల్లర. వేగం సగం చేస్తే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. ఆపడమంటే ఆ శక్తినంతా డిస్కుల్లో వేడి చేయడం. మూడున్నర లీటర్ల చన్నీళ్ళు తెర్లడానికి సరిపోయే వేడి. మూడు నాలుగు సెకన్లలో.

ఉరుస్ ముందు డిస్కు వ్యాసం 440 మిల్లీమీటర్లు. కార్బన్ సెరామిక్. ఒక్కో కాలిపర్‌లో పది పిస్టన్లు. ఆల్టో కే10 రిమ్ము 13 అంగుళాలు, అంటే 330 మిల్లీమీటర్లు. ఒకదాని బ్రేకు డిస్కు ఇంకోదాని రిమ్ము కన్నా పెద్దది.

ఈ డబ్బు వృథా అని నేను అనను.

జూన్ 22

బంకులో మెర్సిడెస్ జీ63 పక్కన ఆగాను. డ్రైవరు వనపర్తి వైపు అబ్బాయి. తుడుస్తున్నాడు.

"మీ సార్ నడపరా?"

"నడపరు సార్. వెనక కూసుంటరు. నడుము నొప్పి."

585 హార్స్‌పవర్. నాలుగున్నర సెకన్లలో వంద. వెనక సీట్లో ఉన్నవాడికి అది మెడ నొప్పి కూడా. కొత్తలో ఒకసారి శంషాబాద్ దారిలో గట్టిగా తొక్కాడట. సార్ కేకేశారు. మళ్ళీ తొక్కలేదు.

"మరి ఎందుకు కొన్నరంటవ్?"

"లోపల కూసుంటే ధైర్యంగ ఉంటదంటరు సార్."

ఆ జవాబుని కొట్టిపారేయలేను. రాత్రిపూట టిప్పర్ల మధ్య ఇరుక్కున్నవాళ్ళకి తెలుసు అదేంటో.

జూన్ 29

టాటా సుమో వచ్చింది 1994లో. సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి తీసిన పేరు. మొదట్లో డెబ్బై హార్స్‌పవర్ కూడా లేదు. తర్వాత ఫ్యాక్షన్ సినిమాలు. దుమ్ములో వరసగా పది సుమోలు. ఊరు తలుపులు వేసుకునేది. తెర మీద అంతకన్నా బలమైన బండి లేదు.

మేనల్లుడు చిన్నప్పుడు చూసినవి అవే. చేవెళ్లలో టెంటు కట్టి ఆడించేవాళ్ళు.

జులై 6

బీఎండబ్ల్యూ ఎం5 కాంపిటీషన్, ఎక్స్5 ఎం కాంపిటీషన్. పాత తరానివి. రెండింటిలో ఒకటే 4.4 లీటర్ల వీ8. రెండూ 625 హార్స్‌పవర్. సెడాన్ వందకు 3.3 సెకన్లు. ఎస్‌యూవీ 3.8. బరువులో తేడా నాలుగు వందల కిలోల పైన.

ఆ నాలుగు వందల కిలోలు నలుగురైదుగురు మనుషుల బరువు. ఎప్పుడూ దిగిపోని మనుషులు.

మేనల్లుడికి ఎం5 ఫొటో పంపాను. "కార్ లెక్క ఉన్నది మామా" అని జవాబు.

జులై 7

నిజమే, కారే అది. కానీ చేవెళ్ల నుంచి వాళ్ళ ఊరి లోపలికి పోయే దారిలో స్పీడ్ బ్రేకర్లు కొలిచాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. 25 కిలోమీటర్ల వేగంతో నెమ్మదిగా ఎక్కి దిగేట్టు. అక్కడున్నవి ఆ కొలతలో లేవు. ఒకటి నిటారుగా ఉంది. ఎవరింటి ముందు వాళ్ళు తారు పోసుకున్నారు. పిల్లలున్న ఇళ్ళు.

సెడాన్ పొట్ట తగులుతుంది. వాడు ఎత్తు అడగడంలో తప్పు లేదు. 700 హార్స్‌పవర్ మాత్రం ఆ స్పీడ్ బ్రేకర్లు అడగలేదు.

జులై 12

ఆడి క్యూ7, క్యూ8, పోర్షే కయాన్, బెంట్లీ బెంటేగా, ఫోక్స్‌వాగన్ టువరెగ్, ఉరుస్. ఆరింటికీ అడుగు ప్లాట్‌ఫాం ఒకటే. ఎంఎల్‌బీ ఎవో అంటారు. క్యూ7ని మహారాష్ట్రలో, ఔరంగాబాద్ ఫ్యాక్టరీలో బిగిస్తారు. 2024 నవంబరులో దాని ధర 88 లక్షల 66 వేలు. 340 హార్స్‌పవర్.

పెళ్ళి భోజనాల దగ్గర ఒకాయన వాదించాడు, అయితే ఉరుస్ మోసమే కదా అని. కాదు. పునాది ఒకటైనా ఇంటి పని వేరు. ఇంజను వేరు, బ్రేకులు వేరు, సస్పెన్షన్ పనితనం వేరు. మోసం లేదు. కానీ 90 లక్షల బండికీ నాలుగున్నర కోట్ల బండికీ మధ్య తేడా ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉండే వేగం చాలదు.

జులై 19

ఔటర్ రింగ్ రోడ్డు. మేనల్లుడు చూసిపెట్టుకున్న సెకండ్ హ్యాండ్ బండి. జర్మన్‌ది, వీ8. ఓనరు మంచివాడు, మమ్మల్నే తీసుకుపొమ్మన్నాడు. వాడు నడిపాడు, నేను పక్కన.

మొత్తం 158 కిలోమీటర్ల రింగు. గరిష్ఠ వేగం 120. ఆ వేగంలో సూదులు చూశాను. ఇంజను రెండు వేల ఆర్పీఎం కింద తిరుగుతోంది. గాలిని చీల్చడానికీ టైర్లు దొర్లడానికీ ఆ సైజు బండికి 120లో నలభై హార్స్‌పవర్ చుట్టూ చాలు. మిగతా ఐదు వందల పైచిలుకు బానెట్ కింద ఖాళీగా కూర్చుని ఉంది.

"కొంచెం తొక్కనా మామా?"

"వద్దు."

తుక్కుగూడ దాటాక టిప్పరు. ఇండికేటర్ లేదు. మూడో లేన్ నుంచి మా ముందుకి. వాడు బ్రేకు మీద నిలబడ్డాడు. ముక్కు కిందికి కూలలేదు. వెనక ఊగలేదు. స్టీరింగ్ చెయ్యి వదలలేదు. నా ఒళ్ళో ఫైలు పోయి డాష్‌బోర్డుకి కొట్టుకుంది. బండి గీత మీదే ఆగింది. టిప్పరు వెనక బంపరు మీద రాసిన అక్షరాలు చదవగలిగాం. ఖాళీ ఉంది ఇంకా.

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత వాడే.

"నా పాత బండి అయితే?"

"తగిలేది."

అబద్ధం చెప్పలేను కదా.

జులై 20

నిన్నటిది ఇంకా కళ్ళ ముందే ఉంది. 120లో సెకనుకి 33 మీటర్లు. వాడు తొక్కడానికి పట్టిన సెకనులో పోయిన దూరం ఏ బ్రేకూ తిరిగి తేలేదు. వాడు టిప్పరుని ముందే గమనించి ఉంటే ఆల్టో బ్రేకులు కూడా సరిపోయేవి. గమనించడం డబ్బుతో రాదు. నేర్పాలి.

జులై 27

అదే బండి, లిఫ్టు మీద. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా.

టైరు మీద నాలుగంకెలు: 2219. అంటే 2019లో 22వ వారం తయారైంది. ట్రెడ్డు నిండుగా ఉంది. చూసేవాళ్ళకి కొత్త టైరే. ఆరేళ్ళు నిండింది. ట్రెడ్డు సందుల్లో సన్నటి బీటలు. ఇలాంటి బండ్లకు అరగడం జబ్బు కాదు, నిలబడి ఉండడం జబ్బు. చార్జర్‌కి తగిలించి షెడ్డులో పెట్టిన బ్యాటరీ. ఎండలో ఒకే చోట ఆనుకుని ఉన్న రబ్బరు.

కార్బన్ సెరామిక్ డిస్కు మందం తగ్గదు, అంటే ఇనప డిస్కులాగా తగ్గదు. లోపలి పీచు కాలి బరువు తగ్గుతుంది. కనీస బరువు ఎంతో డిస్కు మధ్య గిన్నె మీద గ్రాముల్లో చెక్కి ఉంటుంది. విప్పి తూచాలి. తూయించాను. బాగానే ఉంది. అంచుల చుట్టూ టార్చి వేసి తిప్పాను. కుడి ముందు డిస్కు అంచున చిన్న పెచ్చు లేచింది. రాయి కాదు. చక్రం తీసేటప్పుడు ఎవరో రిమ్ముని దాని మీద ఆనించారు. పెచ్చు ఎంత పొడుగు, ఎంత లోతు కొలిచి రాశాను. ఇప్పటికి ప్రమాదం లేదు. మళ్ళీ చక్రం విప్పేవాడికి ముందే చెప్పాలి.

ఇంజను. టర్బోలు రెండూ వీ మధ్యలో, నడినెత్తిన. అక్కడే పెడితే గొట్టాలు పొట్టివవుతాయి, తొక్కగానే అందుకుంటుంది. వేడి కూడా అక్కడే. మన ఎండాకాలం, మన సిగ్నళ్ళు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గొట్టాలు వేలితో నొక్కితే తెలుస్తుంది, మెత్తదనం పోయి పెళుసుగా అయ్యాయి. క్లెయిమ్‌లో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. ఈ బండిలో ముందు పోయేవి అవే.

23 అంగుళాల రిమ్ములున్నాయి. 21 వేయించమని రాశాను. పక్క గోడకి రెండున్నర సెంటీమీటర్లు కలిసొస్తుంది. అందం తగ్గుతుందని వాడి బాధ.

ఆగస్టు 3

ఐడీవీ పట్టిక, అంటే పాలసీలో బండికి కట్టే విలువ. ఆర్నెల్ల లోపు 5 శాతం తరుగు. ఏడాది లోపు 15. రెండేళ్ళ లోపు 20. మూడేళ్ళకు 30. నాలుగేళ్ళకు 40. ఐదేళ్ళకు 50. కట్టిన లైఫ్ ట్యాక్స్ ఈ లెక్కలోకే రాదు, విడిగా కవరు తీసుకుంటే తప్ప.

మేనల్లుడు పట్టిక చూసి, "పాతది తీసుకునుడే నయం కదా మామా" అన్నాడు. ధర విషయంలో నయమే. సర్వీసు బిల్లుకి బండి వయసు తెలియదు. ఐదు కోట్ల బండి సగానికి వచ్చినా దాని డిస్కులూ టైర్లూ ఐదు కోట్ల బండివే. రెండో ఓనర్లు దెబ్బతినేది ఇక్కడే. ఇలాంటి ఫైళ్ళు నా బల్ల మీద ఎప్పుడూ ఉంటాయి.

ఆగస్టు 10

వానలు. సెల్లారులో మునిగిన బండ్లు. ఎత్తయినదీ పొట్టిదీ అని సెల్లారు చూడదు.

ఇంకొకటి రోడ్డు మీదది. పెద్ద బండి కదా అని అండర్‌పాస్‌లోకి దింపాడు. నీళ్ళు ఇంజను గాలి పీల్చే చోటికి వచ్చాయి. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. పిస్టన్ పైకి వచ్చి ఆగిపోయింది, కనెక్టింగ్ రాడ్ వంగింది. అప్పటికైనా ఊరుకుంటే బాగుండేది. మళ్ళీ స్టార్ట్ చేశాడు. వంగింది విరిగి బ్లాకులోంచి బయటికొచ్చింది.

ఇంజన్ ప్రొటెక్ట్ కవరు లేదు. పక్కన అతని భార్య నిలబడి, "మనిషివి బయటపడ్డావు, చాలు" అంటోంది. ఆవిడ మాటే సరైనది. మిగతా కాగితాలు నేను చూసుకుంటాను.

ఆగస్టు 16

ఆ సెకండ్ హ్యాండ్ బండికి 85 లీటర్ల ట్యాంకు. హైదరాబాద్‌లో లీటరు 107 దాటింది. ట్యాంకు నింపితే తొమ్మిది వేల పైన. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు. పాత బండ్లవాళ్ళకి దిగులు. ఇథనాల్ కలపని ఎక్స్‌పీ100 కోసం కొందరు ఊరి ఆ చివరి దాకా వెళ్తున్నారు. దాని రేటు ఇంకా చాలా ఎక్కువ.

మేనల్లుడు తట్టుకోగలడు. పెట్రోలుకి వెనకాడేవాడు ఈ బండి కొనకూడదు. ఎప్పుడూ నింపలేక షెడ్డులో పెడతాడు, మళ్ళీ టైర్లు బీటలు.

ఆగస్టు 24

2002లో పోర్షే కయాన్ తెచ్చినప్పుడు పాత అభిమానులు మండిపడ్డారు. స్పోర్ట్స్ కార్ల కంపెనీకి ఎస్‌యూవీ ఏమిటని. అంతకు పదేళ్ళ ముందు ఆ కంపెనీ మునిగిపోయే స్థితిలో ఉంది. కయాన్ అమ్మిన డబ్బుతోనే తర్వాతి 911లు నిలబడ్డాయి. లంబోర్గినికి ఉరుస్ అలాగే. అంతకు ముందు కూడా ఒకటి చేశారు, 1986లో ఎల్ఎం002. కౌంటాష్ వీ12 పెట్టి. కొన్ని వందలే అమ్ముడుపోయాయి. జనం అప్పటికి సిద్ధంగా లేరు.

ఆ మొదటి కయాన్ టర్బో, 450 హార్స్‌పవర్, వందకు 5.6 సెకన్లు. ఈ జూన్‌లో టాటా వాళ్ళు హారియర్ ఈవీ తెచ్చారు. నాలుగు చక్రాలకూ మోటార్ల బలం ఇచ్చే మోడల్ 6.3 సెకన్లు అంటున్నారు. ధర 29 లక్షల లోపు.

వేగం అందుకోవడం చవకైపోయింది. ఆగడం, తిరగడం ఇంకా ఖరీదే. కొనేవాళ్ళు మాత్రం ఇంకా మొదటి అంకె చూసే కొంటున్నారు. ఈ మాట మేనల్లుడికి వివరంగా చెప్పాను. ఈసారి విన్నాడు.

సెప్టెంబర్ 7

మేనల్లుడికి ఫ్యాన్సీ నంబరు మీద మనసు. 2021లో జూనియర్ ఎన్టీఆర్ తన ఉరుస్‌కి 9999 కోసం వేలంలో 17 లక్షలు పెట్టారని పేపర్లలో వచ్చింది. అది చూపిస్తున్నాడు.

టైర్లు ముందు, నంబరు తర్వాత అన్నాను. "నంబరు అరగదు కదా మామా" అన్నాడు. నవ్వొచ్చింది. అయినా టైర్లే ముందు.

సెప్టెంబర్ 22

జీఎస్టీ మారింది. పెద్ద ఎస్‌యూవీలకు ఇదివరకు 28, సెస్సు 22, మొత్తం 50. ఇవాళ్టి నుంచి 40, సెస్సు లేదు. కోటి రూపాయల బండి మీద ఆరున్నర లక్షలకు పైగా తగ్గుతుంది. ఆ తగ్గిన డబ్బుకి కొత్త వ్యాగన్ ఆర్ వస్తుంది, ఇంకా మిగులుతుంది.

చిన్న కార్లకూ తగ్గింది, 18కి. అది మంచి పని. స్కూటీ మీద ముగ్గురు పిల్లల్ని తీసుకుపోయే మా వీధి ఆయన నిన్న అడిగాడు, ఆల్టో ఎంతకొస్తుందని. కూర్చోబెట్టి లెక్క రాసిచ్చాను. ఈ ఏడాది నేను రాసిన లెక్కల్లో ఇది బాగా నచ్చింది.

అక్టోబర్ 2

దసరా. ఔటర్ పక్క గుడి దగ్గర వాహన పూజలు. ఆటోలు, జేసీబీ, డీసీఎం, మధ్యలో బెంటేగా. అన్నింటికీ నాలుగేసి నిమ్మకాయలు. గుమ్మడికాయ కొట్టే అబ్బాయి అందరి దగ్గరా ఒకటే రేటు తీసుకున్నాడు.

బెంటేగా ముందు ఒక చిన్న పిల్ల కిందపడ్డ పువ్వులు ఏరుతోంది. డ్రైవరు సీట్లోంచి కనబడదు. పరిగెత్తుకెళ్ళి అద్దం మీద కొట్టాను. అమెరికాలో రోడ్డు భద్రత సంస్థ ఐఐహెచ్ఎస్ వాళ్ళు 2023లో లెక్క తీశారు: బానెట్ 40 అంగుళాల ఎత్తు దాటిన బండి తగిలితే, 30 అంగుళాల లోపు వాలు బానెట్ ఉన్న దానితో పోలిస్తే, నడిచేవాళ్ళు చనిపోయే అవకాశం 45 శాతం దాకా ఎక్కువ. పొట్టిది కాళ్ళకు తగులుతుంది. ఎత్తుది గుండెకు, తలకు.

లోపల కూర్చున్నవాళ్ళ ధైర్యం గురించి జూన్‌లో రాసుకున్నాను. బయట నిలబడ్డవాళ్ళది కూడా రాసుకోవాలి.

అక్టోబర్ 11

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా మర్రి చెట్లు. రోడ్డు వెడల్పు చేయాలని, చెట్లు నిలపాలని ఏళ్ళ తరబడి కేసు. రెండు వరసల రోడ్డు. ఎదురుగా బస్సు, వెనక బస్సు, పక్కన కూరగాయల ఆటో. ఈ దారి మీద రోజూ తిరగబోతున్నాడు మావాడు.

ఓవర్‌టేక్‌లో ఆ బలం పనికొస్తుందని అంటాడు. నిజం. ఎనభై నుంచి నూటికి రెండు సెకన్లలో పోతే ఎదురు లేన్‌లో ఉండే సమయం తగ్గుతుంది. అదే బలం చేతిలో ఉంటే, ఇదివరకు వేయని ఓవర్‌టేక్ కూడా వేస్తాడు. రెండూ చెప్పాను. రెండోది చెప్పినప్పుడు అక్క వాడి మొహం చూస్తూ కూర్చుంది.

అక్టోబర్ 19

కొంటున్నాడు. ఆ జర్మన్‌దే. ధర కాస్త దిగింది, పెచ్చు లేచిన డిస్కు చూపించి నేనే దింపించాను.

డబ్బుకి తగ్గ బండేనా అని నన్ను సూటిగా అడిగాడు. కొన్న ధరలో సగం ఎప్పటికీ నువ్వు వాడుకోలేవు అన్నాను. ఆ సగానికి రోడ్డు లేదు ఇక్కడ. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు, వాటికి పెట్టింది రోజూ వాడతావు. ఇంజనుకి పెట్టింది దాచుకుంటావు. దాచుకోగలిగితేనే కొను.

సంతకం పెట్టడానికి ముందు ఒక షరతు పెట్టాను. వాడు ఒప్పుకున్నాడు.

నవంబర్ 2

షరతు ఇదీ. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో డ్రైవింగ్ నేర్పుతారు. తడి నేల మీద పూర్తి బ్రేకు. కళ్ళు ఎక్కడ పెట్టాలి. ఏబీఎస్ కాలి కింద కొట్టుకుంటుంటే పాదం తీయకుండా ఉండడం. మన దగ్గర సంగతి వేరు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, రోడ్లు మూసి. తర్వాత మళ్ళీ రోడ్లే అయిపోయాయి. అందరూ వెళ్ళి నేర్చుకునే ట్రాక్ హైదరాబాద్‌కి ఉండాలి. పిల్లలు ఔటర్ మీద నేర్చుకుంటున్నది అక్కడ నేర్చుకునేవాళ్ళు.

నవంబర్ 9

డిసెంబరుకి చోటు దొరికింది. టైర్లు నాలుగూ కొత్తవి, 21 అంగుళాలవి. బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించాను.

మెయిల్ చూసి వాడు ఫోన్ చేశాడు. విమానం ఎందుకు, బండిలోనే పోదామని. ఆరు వందల కిలోమీటర్ల పైన దారి. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ఎండెక్కే లోపు ఒంగోలు దాటొచ్చు. అక్క కూడా వస్తానంది, శ్రీపెరుంబుదూరులో రామానుజుల గుడి పక్కనేనట కదా అని.

నార్కట్‌పల్లి నుంచి అద్దంకి దాకా స్టీరింగ్ నాదని ముందే చెప్పి పెట్టాను.